రిటర్న్ మనది, మెయిల్ ఐడీ ఎవరిది?

సంపాదకుల వారికి,

జూలై వచ్చిందంటే మా పింఛనర్ల సంఘం గది గుమ్మం ముందు చెప్పులు పెరుగుతాయి. ఆదాయపు పన్ను రిటర్న్‌ల రోజులు కదా. లెక్కల మాస్టారుగా రిటైరైన పాపానికి నన్ను మనవడి పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెడతారు. అక్కడ చూసినవి నాలుగు మాటలు మీ పాఠకులకు చెప్పాలనిపించింది.

కార్బన్ పేపరు పెట్టి సరళ్ ఫారాలు నింపిన తరం మాది. ఇప్పుడు ఫారం 16 (జీతం, పింఛను ఇచ్చేవారు ఇచ్చే పన్ను కోత పత్రం) యాప్‌లో ఎక్కిస్తే అంకెలన్నీ అవే వచ్చి కూర్చుంటాయి. శాఖ వారి పోర్టల్‌లోనూ పింఛను, బ్యాంకు వడ్డీ, ముందే కోసుకున్న పన్ను (టీడీఎస్) నింపి ఉంటాయి. ఇది మంచిదే, కాదనను. కానీ నింపి ఉంది కదా అని ఎవరూ చదవడం లేదు, చిక్కంతా అక్కడే.

ఒక్క ప్రశ్న చూడండి. మాలాంటివారు వేసే ఐటీఆర్-1 అనే రిటర్న్ ఫారం మొదట్లోనే ‘కొత్త పన్ను విధానం నుంచి బయటకు వస్తారా’ అని అడుగుతుంది. కొత్తది కావాలనుకునేవారు ‘కాదు’ అనాలి, పాతది కావాలంటే ‘అవును’ అనాలి. అరవై ఎనిమిదేళ్ళ మా మిత్రుడొకాయన కొత్తదే మేలని ఎవరో చెప్పగా విని, ధీమాగా ‘అవును’ నొక్కాడు. పింఛను నెలకు 55 వేలు, డిపాజిట్ల వడ్డీ ఏడాదికి 60 వేలు. కొత్త విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా, రిబేటుతో, అంటే పరిమితి లోపు ఆదాయానికి ఇచ్చే పన్ను మాఫీతో, పైసా పన్ను లేదు. ఆయన నొక్కిన దానికి తెర మీద 35,360 రూపాయలు కట్టమని వచ్చింది. సాఫ్ట్‌వేర్ లెక్క తప్పలేదు సుమా. అడిగినదానికి సరిగ్గానే చేసిపెట్టింది. ఆయన కట్టేయడానికి కూడా సిద్ధపడ్డాడు, ‘కంప్యూటర్ చెప్పింది కదా మాస్టారూ’ అంటూ.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకరికి తగిలింది. ఊళ్ళో ఒక నెట్ సెంటర్‌లో రిటర్న్ వేయిస్తే ఎన్నడూ లేనిది 38 వేలు రీఫండు వచ్చింది. అందులో పదో వంతు ఆ కుర్రాడి ఫీజు. మేమంతా కుళ్ళుకున్నాం కూడా. మరుసటి ఏడాది ఆడిటర్ దగ్గరికి వెళితే ఆయన పాత రిటర్న్ తెరిచి చూపించాడు. అందులో మా వాడు ఒక రాజకీయ పార్టీకి చందా ఇచ్చాడట, పిల్లల చదువు అప్పుకు వడ్డీ కడుతున్నాడట. ఇలాంటివి చూపిస్తే పన్ను తగ్గుతుంది మరి. చందా మాట దేవుడెరుగు, వినాయక చవితి కుర్రాళ్ళకే యాభై రూపాయలకు బేరమాడే మనిషి! పిల్లలా, ఇద్దరూ ఉద్యోగాల్లో స్థిరపడి పదేళ్ళయింది. పోర్టల్‌లో నమోదైన మెయిల్ ఐడీ కూడా ఆయనది కాదు, సెంటర్ కుర్రాడు సృష్టించినది. ఈ క్లెయిములు సరిచూసుకోండని శాఖ ఏం పంపినా అక్కడికే పోతుంది. చివరికి తప్పు దిద్దుకునే అప్‌డేటెడ్ రిటర్న్ వేసి, తీసుకున్న సొమ్ము, దాని మీద వడ్డీ, ఆపైన అదనంగా 25 శాతం కట్టి బయటపడ్డాడు. శాఖే ముందు పట్టుకుని ఉంటే జరిమానా పన్నుకు రెండింతల దాకా ఉండేది.

‘నేను సంతకం పెట్టలేదే’ అని మా వాడి వాదన. పెట్టాడు. కుర్రాడు ఫోన్ చేసి అడిగితే ఆధార్ ఓటీపీ అంకెలు చదివి వినిపించాడు, ఈ రోజుల్లో సంతకమంటే అదే.

ఇది మా ఊరి ముచ్చట మాత్రమే కాదు. 2025 జూలై 14న పన్నుల శాఖ దేశమంతటా 150 చోట్ల సోదాలు చేసింది ఇలాంటి బోగస్ మినహాయింపుల మీదే. రిటర్న్‌లు గంపగుత్తగా వేయడానికి తాత్కాలిక మెయిల్ ఐడీలు తెరిచి, తర్వాత వాటిని వదిలేస్తున్నారని, దాంతో నోటీసులు చదివే దిక్కే లేదని శాఖను నడిపే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) ప్రకటనలోనే ఉంది. అప్పటికి నాలుగు నెలల్లో 40 వేల మంది దాకా తమంతట తాము 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారట.

శాఖ తన తప్పులూ చూసుకోవాలి. 2024 జూలై 5న రిటర్న్ నింపే తన సాఫ్ట్‌వేర్ (యుటిలిటీ) మార్చాక, షేర్ల స్వల్పకాలిక లాభం లాంటి ఆదాయం మీద సెక్షన్ 87ఏ కింద ఇచ్చే ఆ రిబేటు అడగడానికే వీల్లేకుండా పోయింది. అంతకు ముందు వేసినవాడికి ఉన్న దారి తర్వాత వేసినవాడికి మూసుకుపోయింది. బొంబాయి హైకోర్టు కలగజేసుకుంటే గాని రిటర్న్ సవరించుకునే గడువు 2025 జనవరి 15 దాకా పెరగలేదు. రిబేటు దక్కుతుందో లేదో తర్వాతి మాట, అడిగే దారిని సాఫ్ట్‌వేర్ మూసేయకూడదని కోర్టు ఆ నెలలోనే తేల్చింది. అలాగే ఏఐఎస్‌లో, అంటే మన ఏడాది ఆదాయ వివరాలతో శాఖ పోర్టల్‌లో పెట్టే పట్టికలో, కనిపించే ప్రతి అంకే నిజమనుకోవద్దు. భార్యాభర్తల జాయింటు డిపాజిట్ వడ్డీ మొత్తం మొదటి పేరు మీదే పడటం నేను చాలాసార్లు చూశాను. పాస్‌బుక్ పక్కన పెట్టుకుని చూడాలి, తేడా ఉంటే అక్కడే అభ్యంతరం నమోదు చేయవచ్చు.

శాఖకు నా మనవి ఒక్కటే. ఓటీపీ కొట్టే ముందు తెర మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో, ‘మీరు ఫలానా పార్టీకి ఇంత చందా ఇచ్చినట్టు, ఇంత అప్పుకు వడ్డీ కట్టినట్టు రాశారు, నిజమేనా?’ అని అడగండి. అదే ముక్క పన్నుదారు ఆధార్‌కు ముడిపడ్డ ఫోనుకు కూడా పంపండి. ఇక ఫీజు తీసుకుని రిటర్న్ వేసే ప్రతివాడూ పూర్తి రిటర్న్ కాపీ చేతికి ఇవ్వాలని, తన మెయిల్, తన నంబరు పెట్టకూడదని నిబంధన చేయండి. మా సంఘంలో ఈ ఏడాది నలభై మంది ప్రొఫైళ్ళు తెరిచి చూస్తే పదకొండింట్లో మెయిల్ ఐడీలు ఎవరివో మాకే తెలియలేదు.

మా మిత్రుడు కట్టాల్సింది కట్టేశాడు. ఆ నెట్ సెంటర్ ముందు మాత్రం ఫ్లెక్సీ ఇంకా అలాగే ఉంది: ‘రీఫండు గ్యారంటీ’.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసరావుపేట