14 రోజుల మాత్రలు ఎక్కడ సార్? ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

తిరుపతి శివార్ల నుంచి నమస్కారం. మా అమ్మాయి మలేరియా గురించి సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ పరిష్కరించబడినది అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. అప్పటికి పిల్ల రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది. కారణం కూడా రాశారు: "రోగికి రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నందున జ్వరం తిరిగి వచ్చినది. పౌష్టికాహారం తీసుకోవలసినదిగా సూచించడమైనది." రాసినవారెవరో గానీ భాష బాగుంది, వైద్యమే బాగాలేదు.

ఇమ్యూనిటీ తక్కువ అన్నారు, సరే, ఒప్పుకుంటాం. మలేరియా విషయంలో తిరుపతిలో ఎవరికి ఉంది సార్ ఇమ్యూనిటీ? నాకు లేదు, బహుశా మీకూ ఉండదు. అది రాగిజావతో వచ్చేది కాదు. కోవిడ్ రోజుల్లో కషాయం సీసాలు అమ్ముకున్నవాళ్ళు నేర్పిన మాట పట్టుకుని ఇప్పుడు మీ సిబ్బంది కూడా అదే పాడుతున్నారు. ఏళ్ల తరబడి మలేరియా దోమలు కుడుతూనే ఉండే చోట, చిన్నప్పటి నుంచి మళ్ళీ మళ్ళీ జ్వరం పడి బతికి బయటపడినవాళ్ళకు కొంత వస్తుంది. అది కూడా జబ్బు ముదరకుండా కాస్తుందే తప్ప క్రిమి ఒంట్లోకి రాకుండా పూర్తిగా ఆపదు, ఆ ఊరు వదిలి కొన్నేళ్లు బయట ఉంటే పల్చబడిపోతుంది. ఎందుకంత కష్టం అంటే ఆ క్రిమి వేషాలు మారుస్తుంది. మలేరియాలో ఫాల్సిపారం అనే రకమైతే ఎర్రకణం పైకి పంపే ఒక్క ప్రొటీన్‌కే దాని దగ్గర దాదాపు 60 జన్యువులున్నాయి, మన యాంటీబాడీలు ఒకదాన్ని గుర్తుపట్టేసరికి ఇంకోటి తొడుక్కుంటుంది.

మన దగ్గర మలేరియా తగ్గింది కాబట్టే మన పిల్లలకు ఆ రక్షణ లేదు. అది మీ శాఖలో పాత తరం వాళ్ళు ఊరూరా తిరిగి చేసిన పని ఫలితమే, అందుకు దండం పెడతాను. కానీ దానర్థం ఇక్కడ మందే మొత్తం పని చెయ్యాలి అని. ఆ రక్షణ ఉన్న పెద్దవాళ్ళలో మందు కొంచెం మిగిల్చినా ఒళ్ళు చూసుకుంటుంది. మా పిల్లకు ఆ సాయం లేదు. ఇమ్యూనిటీ తక్కువ అని మీవాళ్ళే రాసి, మందు మీవాళ్ళే సగంలో ఆపడం ఏం లెక్క?

నా గొడవంతా అదే. మొదటిసారి రక్తం స్లైడ్‌లో వైవాక్స్ అని, అంటే మలేరియాలో ఇంకో రకం అని వచ్చింది. మూడు రోజులు క్లోరోక్విన్ ఇచ్చారు, మంచిదే, రెండో రోజుకే జ్వరం దిగింది. 14 రోజులు వెయ్యాల్సిన ప్రైమాక్విన్ ఏదంటే స్టాక్ లేదు, రాగానే ఏఎన్ఎం చేత పంపిస్తాం అన్నారు. రాలేదు. మా ఆవిడ మళ్ళీ వెళ్తే "జ్వరం తగ్గింది కదమ్మా, ఇంకెందుకు" అన్నారు. బయట మెడికల్ షాపులన్నీ తిరిగాం, ఒక్కచోట కూడా లేదు.

వైవాక్స్ గురించి మీకు తెలియదని కాదు, మీ కిందివాళ్ళు చదువుతారేమోనని రాస్తున్నాను. దోమ కుట్టిన కాసేపటికే క్రిమి కాలేయంలోకి చేరుతుంది, వాటిలో కొన్ని అక్కడే నిద్రపోతాయి. కాలేయ కణం లోపల పడుకున్నదాన్ని ఒంట్లోని కాపలా పట్టుకోలేదు. జ్వరం ఉండదు, రక్తపరీక్షలో కనపడదు, క్లోరోక్విన్ దాన్ని తాకదు. క్లోరోక్విన్ పనంతా రక్తంలోకి వచ్చినవాటి మీదే. అక్కడ 48 గంటలకోసారి ఎర్రకణాలు పగిలినప్పుడు బయటపడే చెత్తకు మన తెల్లకణాలు రెచ్చిపోయి వదిలే రసాయనాల వల్లే ఆ చలీ, ఆ జ్వరమూ. పాడైన కణాలను వడకట్టే పని ఎక్కువై ప్లీహం ఉబ్బుతుంది. అంటే పిల్లకు 104 జ్వరం వచ్చిందంటే ఒళ్ళు చేతనైనంత పోరాడుతోందనే కదా. వారాలకో నెలలకో నిద్రపోయినవి లేచి మళ్ళీ రక్తంలోకి దిగుతాయి. వాటిని కాలేయంలోనే చంపేందుకు మన దగ్గర ఇచ్చేది ఆ ప్రైమాక్విన్ ఒక్కటే.

కళ్ళు మూసుకుని అందరికీ పంచమని నేననను. ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంటే ఆ మందుకు ఎర్రకణాలు పగిలి మూత్రం నల్లగా వస్తుంది, గర్భిణులకూ ఏడాది లోపు పిల్లలకూ ఇవ్వరు. అయితే పరీక్ష పెట్టించండి. పరీక్ష లేదు కాబట్టి మందు లేదు, మందే లేదు కాబట్టి పరీక్షెందుకు, ఇదీ మా పీహెచ్‌సీ వరస. టీకా వస్తోందట కదా అని ఒకాయన ధైర్యం చెప్పాడు. పుణెలో తయారయ్యే టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సిఫారసు చేసిన మాట నిజమే, కానీ అది ఫాల్సిపారం కోసం. మా పిల్లకు వచ్చింది వైవాక్స్.

ఇక రెండోసారి సంగతి. ల్యాబ్ టెక్నీషియన్ డెప్యుటేషన్ మీద ఇంకోచోటికి వెళ్ళారట. స్లైడ్ తియ్యకుండానే చీటీ మీద వైరల్ ఫీవర్ అని రాసి పారాసిటమాల్ ఇచ్చారు. డబ్బులు కట్టి బయట చేయిస్తే మళ్ళీ వైవాక్సే. ఇంటర్ ప్రాక్టికల్స్ పోయాయి. 2027కి దేశంలో స్థానిక మలేరియా కేసులు సున్నా చేస్తామని, 2030కి నిర్మూలన అని గోడల మీద చదువుతున్నాం. వైరల్ ఫీవర్ అని రాసుకుంటూ పోతే అంతదాకా ఎందుకు సార్, వచ్చే నెలకే సున్నా చెయ్యొచ్చు.

మా వీధి చివర అపార్ట్‌మెంట్ కడుతున్నారు, నీళ్ళ తొట్లకు మూతల్లేవు. ఒడిశా నుంచి, పాడేరు వైపు నుంచి వచ్చిన కూలీలు రేకుల షెడ్లలో దోమతెర లేకుండా పడుకుంటున్నారు. వాళ్ళది తప్పని నేననడం లేదు. మలేరియా ఎక్కువున్న చోట పెరిగినవాళ్ళకు ఒంట్లో క్రిమి ఉన్నా జ్వరం కనపడకపోవచ్చు. సర్వేకి వచ్చినవాళ్ళు "జ్వరం ఉందా?" అని అడిగి, లేదంటే టిక్కు పెట్టి పోతున్నారు. రక్తం తీస్తే కదా తెలిసేది. ఆ షెడ్లకు రక్తపరీక్షలూ, దోమతెరలూ రెండూ కావాలి.

దయచేసి ప్రైమాక్విన్ పంపండి. 14 రోజులూ అన్నం తిన్నాకే వేసుకుంటున్నారా, మూత్రం రంగు మారిందా అని అడిగే మనిషిని పంపండి. టెక్నీషియన్‌ను వెనక్కి పిలిపించండి. మాత్రలు మాత్రం ముందు పంపండి సార్. మా వీధిలో ఇంకో రెండిళ్ళలోనూ ఇదే జ్వరం. ఏఎన్ఎం గారికి ఈ ఎండలో తిరగడం కష్టమైతే పీహెచ్‌సీకి వచ్చాయని ఒక్క ఫోన్ చెయ్యమనండి, ముగ్గురివీ నేనే సంతకం పెట్టి తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక ఇంటర్ విద్యార్థిని తండ్రి,
తిరుపతి జిల్లా