మా ప్యాకెట్ల మీద నుంచి ‘షుగర్ ఫ్రీ’ అనే మాట తీసేశాం

మా బేకరీలో కొనే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి రెండు ప్యాకెట్ల మీద మాటలు మారాయి. తేనె కేకు మీద ‘ఆరోగ్యకరం’ అని ఉండేది, ఇక ఉండదు. ‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్‌ను ఇకమీదట, అందులో తీపి కోసం వేసే పదార్థం పేరుతోనే, ‘మాల్టిటాల్ బిస్కెట్’ అని అమ్ముతాం. ఆ పాత మాటలు రాయించింది నేనే కాబట్టి, ఎందుకు తీసేశానో కూడా నేనే చెప్పాలి.

కొన్ని వారాల క్రితం ఒక పెద్దాయన చిన్న నోటుబుక్కు పట్టుకుని వచ్చారు. ఆయనకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. గ్లూకోమీటర్‌లో చూసుకున్న ప్రతి రీడింగూ అందులో రాసుకుంటారు. ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టారు. సాయంత్రం మా బిస్కెట్లు ఐదు తిన్నారట. తినకముందు 124, గంటన్నర తర్వాత 201. పక్కనే మా బిస్కెట్ పేరు రాసి, దాని కింద పెన్నుతో రెండు గీతలు గీశారు. “షుగర్ లేదని రాశావు కదమ్మా, మరి ఇదేంటి?” అని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు, అందుకే నాకు ఇంకా బాధేసింది. అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను.

జవాబు ఇదీ. ఆ బిస్కెట్‌లో పంచదార లేదు, నిజమే. కానీ సగానికి పైగా పిండి ఉంది. పిండిలోని స్టార్చ్ అరిగితే వచ్చేది గ్లూకోజే. తీపి కోసం వేసిన మాల్టిటాల్ కూడా ఏమీ చేయని పదార్థం కాదు. పంచదారలో గ్రాముకు 4 కేలరీలుంటే ఇందులో సుమారు 2 ఉంటాయి. తిన్నది రక్తంలో చక్కెరను ఎంతగా పెంచుతుందో చెప్పే అంకెను గ్లైసీమిక్ ఇండెక్స్ అంటారు. పంచదారకు అది 65 దాకా ఉంటే దీనికి 35 దాకా ఉంటుంది. అంటే రక్తంలో చక్కెరను తక్కువ పెంచుతుంది, అంతేగానీ అసలు పెంచకుండా ఉండదు. ‘షుగర్ ఫ్రీ’ అని పెద్ద అక్షరాల్లో చూసినవాళ్లు ఐదు తినడంలో తప్పేముంది? ఆ ధైర్యం ఇచ్చింది మా ప్యాకెట్టే.

ఇంకొక సంగతి. మాల్టిటాల్, సార్బిటాల్ లాంటి తీపి పదార్థాలను షుగర్ ఆల్కహాల్స్ అంటారు, వీటిలో మత్తు ఏమీ ఉండదు. ఇవి చిన్నపేగులో పూర్తిగా ఇంకవు. మిగిలింది పెద్దపేగులోకి వెళ్లి నీటిని లాగుతుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడితే గ్యాస్ వస్తుంది. ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, విరేచనాలు అందుకే. యూరప్‌లో ఇవి 10 శాతానికి మించి ఉన్న పదార్థాల మీద ఆ హెచ్చరిక తప్పనిసరి. ఇకమీదట మా ప్యాకెట్ మీదా ఉంటుంది.

తేనె విషయంలో నేను చేసిన పొరపాటు ఇంకా పెద్దది, ఎందుకంటే అది ఆరోగ్యకరమని నేను నిజంగానే నమ్మాను. తేనెలో ఐదో వంతుకు కాస్త తక్కువ నీరు పోగా, మిగిలినదంతా దాదాపుగా ఫ్రక్టోజ్, గ్లూకోజే. ఒక టేబుల్‌స్పూన్ పంచదార 12 గ్రాముల పైన తూగుతుంది, సుమారు 50 కేలరీలు. అదే స్పూన్‌తో తేనె తీస్తే 21 గ్రాములు, 64 కేలరీలు. తూకం మీద పెట్టి చూశాకే నాకు తలకెక్కింది. బెల్లం సంగతీ దాదాపు అంతే. ఐరన్ కొంత ఉంటుంది, కాదనను. కానీ అందులో ఎక్కువ భాగం పంచదారలో ఉన్న సుక్రోజే. రుచి కోసం వాడుకోండి, మందు అనుకుని వాడొద్దు. అన్నట్టు, ఏడాది నిండని పిల్లలకు మా తేనె కేకు కొంచెం కూడా పెట్టకండి. తేనెలో బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, అవి మా ఓవెన్ వేడికి చావవు.

అగావే అనే మొక్క నుంచి తీసే అగావే సిరప్ వేయమని కొందరు అడిగారు. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువే, ఎందుకంటే అందులో ఎక్కువగా ఉండేది ఫ్రక్టోజ్. ఫ్రక్టోజ్ భారం ప్రధానంగా కాలేయం మీద పడుతుంది, ఎక్కువైతే అక్కడ కొవ్వుగా మారుతుంది. వద్దనుకున్నాం.

ఎరిథ్రిటాల్ అనే మరో షుగర్ ఆల్కహాల్ దగ్గర చాలా ఆలోచించాను. గ్రాముకు 0.2 కేలరీలే, రక్తంలో చక్కెరను పెంచదు, కడుపునూ అంతగా ఇబ్బంది పెట్టదు. కానీ 2023లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆసుపత్రి పరిశోధకులు, రక్తంలో ఇది ఎక్కువగా ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని చెప్పారు. 30 గ్రాములు తాగినవాళ్ల రక్తంలో ఆ స్థాయి రెండు రోజులకు పైగా ఎక్కువగానే ఉంది. ఇదే కారణమని రుజువు కాలేదు, పైగా మన శరీరం కూడా కొంత ఎరిథ్రిటాల్ తయారు చేసుకుంటుంది. అయినా షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లే వెతుక్కుంటూ వచ్చి కొనే బిస్కెట్‌లో దాన్ని వేయడానికి నాకు చేయి రాలేదు.

డైట్ డ్రింకుల్లో తీపి కోసం వేసే అస్పర్టేమ్‌తో క్యాన్సర్ వస్తుందా అని తరచూ అడుగుతున్నారు. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ విభాగం దాన్ని ‘కారణం కావచ్చు’ అనే 2బి వర్గంలో పెట్టింది. అదే సమయంలో మరో నిపుణుల కమిటీ, రోజుకు శరీర బరువులో కిలోకు 40 మిల్లీగ్రాముల వరకు ఫరవాలేదనే పాత పరిమితిని అలాగే ఉంచింది. 70 కిలోల మనిషి ఆ పరిమితి దాటాలంటే రోజుకు కనీసం తొమ్మిది క్యాన్ల డైట్ డ్రింక్ తాగాలి. టెన్షన్ పడాల్సిన పని లేదు. ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్లు మాత్రం దాన్ని ముట్టకూడదు. ఓవెన్ వేడికి దాని తీపి పోతుంది కాబట్టి మేము ఎలాగూ వాడం.

ఒక మొక్క ఆకుల నుంచి తీసే స్టీవియా, కృత్రిమంగా తయారుచేసే సుక్రలోజ్‌లతో వచ్చే చిక్కు వేరు. సుక్రలోజ్ పంచదార కంటే 600 రెట్లు తియ్యన. కప్పు పంచదార తీసేసి చిటికెడు పొడి వేస్తే మిగతా చోటు దేనితో నింపాలి? చాలామంది మాల్టోడెక్స్ట్రిన్‌తో నింపుతారు. అది స్టార్చ్ నుంచి వచ్చేదే, రక్తంలో చక్కెరను గట్టిగానే పెంచుతుంది. బరువు తగ్గడం కోసం ఇలాంటి కృత్రిమ, సహజ స్వీటెనర్ల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది కూడా. ఆ సూచన షుగర్ ఉన్నవాళ్లను ఉద్దేశించింది కాదు, వాళ్లు డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోవాలి.

అందుకే మామూలు బిస్కెట్‌లో పంచదారనే ఉంచి, దాన్నే తగ్గిస్తున్నాం. 100 గ్రాముల పిండికి 40 గ్రాములు వేసేవాళ్లం, కొంచెం కొంచెంగా 28కి వచ్చాం. రంగు కాస్త పాలిపోయింది, మునుపటి కరకర కూడా కొంత తగ్గింది. రంగుకీ కరకరకీ పంచదార అవసరం, అది దాచను. పాత బిస్కెట్లు ఆరు తింటే 24 గ్రాముల పంచదార. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, తేనె, సిరప్‌లు, పళ్లరసాలు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఇకపై ఒక్కో బిస్కెట్‌లో పంచదార ఎన్ని గ్రాములో, మొత్తం కార్బోహైడ్రేట్లు ఎన్ని గ్రాములో ప్యాకెట్ ముందువైపే ఉంటాయి.

పాత ‘షుగర్ ఫ్రీ’ ప్యాకెట్లు మీ ఇంట్లో ఉంటే, తెరిచినవైనా సరే తెచ్చివ్వండి, డబ్బు తిరిగి ఇస్తాం. ఆ పెద్దాయనకు ఇచ్చేశాం. వెళ్తూ వెళ్తూ కొత్త బిస్కెట్లు రెండు తీసుకుని, రీడింగ్ రాసి తెస్తానన్నారు.