కుంగ్‌ఫూ స్టైల్ ఏదో చెప్పమంటే జుంబా డాన్సు చెప్పిన మీ కస్టమర్ కేర్ గురించి

కస్టమర్ కేర్ హెడ్ గారికి,

ఇంతకుముందు పెట్టిన మెయిళ్ళన్నిటికీ మిషనే జవాబిచ్చింది కాబట్టి ఈసారి మీ హెడ్డాఫీసుకి స్పీడ్ పోస్టులో పంపుతున్నా, కనీసం కవరు చింపడానికైనా ఓ మనిషి కావాలి కదా.

నేను అడిగింది చాలా చిన్న విషయమండీ. నాకు 44 ఏళ్ళు, ఎడమ మోకాలు కొంచెం అరిగిందని డాక్టరు గారన్నారు, పుట్టాక ఏ ఆటా ఆడిందాన్ని కాదు, ఇప్పుడు కుంగ్‌ఫూ నేర్చుకుందామని ఉంది, మీ బ్రోచర్‌లో ఐదు స్టైల్స్ ఉన్నాయి, షావోలిన్, వింగ్ చున్, తై చి, హంగ్ గార్, వుషు, అందులో నాలాంటిదానికి ఏది బాగుంటుంది? అంతే. ఇదేదో నేను కొత్తగా కోరిన కోరిక కూడా కాదు, మీ ఫ్లెక్సీ మీదే ఇంతింత అక్షరాలతో ఉంది, ఏ వయసువారికైనా తగిన స్టైల్ మేమే ఎంపిక చేస్తాం, కౌన్సెలింగ్ ఫ్రీ అని. ఆ మాట చూసే ఏడాది ఫీజు ఒకేసారి కట్టాను, యూనిఫాం డబ్బులు వేరే.

ముందు మీ బ్రాంచి రిసెప్షన్ అమ్మాయి. ఫారం తీసి "బాబు పేరు చెప్పండి మేడమ్" అంది. బాబు కాదమ్మా నేనే అన్నాను. నన్ను చెప్పుల దగ్గర్నించి జుట్టు దాకా ఓసారి చూసి "మేడమ్ మార్నింగ్ లేడీస్‌కి జుంబా ఉంది, చాలామంది జాయినవుతున్నారు" అంది. తల్లీ, మీ బ్రోచర్ నాలుగో పేజీ తిప్పి చూడు, వింగ్ చున్ కథ మీరే వేశారు, ఇంగ్ ముయ్ అనే సన్యాసిని యిమ్ వింగ్ చున్ అనే అమ్మాయికి నేర్పిందని, ఆ అమ్మాయి పేరే స్టైలుకి వచ్చిందని. అది కథే కావచ్చు, కానీ ఆడవాళ్ళ పేరు చెప్పి స్టైల్ అమ్ముకుంటూ ఆడమనిషి వచ్చి అడిగితే జుంబా చూపిస్తారా?

తర్వాత టోల్ ఫ్రీ. ఒకటి నొక్కండి, మూడు నొక్కండి, మధ్యలో ఆ వీణ మ్యూజిక్కు, చివరికి ఒకబ్బాయి ఎత్తాడు. మీ దగ్గర నేర్పే తై చి చెన్ స్టైలా యాంగ్ స్టైలా అని అడిగాను, ఎందుకంటే చెన్‌లో మధ్యమధ్యలో కాలు నేలకేసి కొట్టడం, ఒక్కసారిగా విసరడం ఉంటాయి, యాంగ్ మొదట్నించి చివరిదాకా ఒకే నిదానంగా పోతుంది, మోకాలు నొప్పి ఉన్నవాళ్ళకి అది చిన్న తేడా కాదు. ఆ అబ్బాయి కీబోర్డు టకటకలాడించి "సారీ మేడమ్, చెన్ మాస్టర్ గారు ప్రస్తుతం మా దగ్గర చేయట్లేదు, వేరే మాస్టర్ గారిని అలాట్ చేయమంటారా" అన్నాడు. చెన్ మాస్టర్ గారట! చైనాలో హెనాన్ అనే రాష్ట్రంలో ఒక పల్లెటూళ్ళో 17వ శతాబ్దంలో మొదలైన స్టైల్ నాయనా అది, ఆయనేమీ మీ దగ్గర రిజైన్ చేసి వెళ్ళిపోలేదు.

బ్రాంచి మేనేజర్ గారైతే ఇంకా నయం, ఎప్పుడెళ్ళినా మీటింగే. ఒకసారి దొరికారు, మెట్ల మీద, ఫోన్ చెవి దగ్గర్నించి తియ్యకుండానే "మేడమ్ అన్ని స్టైల్సూ ఒకటే, అన్నీ బోధిధర్ముడి దగ్గర్నించి వచ్చినవే, మాస్టర్‌ని అడగండి" అని దిగి వెళ్ళిపోయారు. బోధిధర్ముడనే ఆ బౌద్ధ సన్యాసి కంచి రాజకుమారుడని మీ గోడ మీద పోస్టర్ ఉంది, కుంగ్‌ఫూ ఆయన దగ్గర్నించి వచ్చిందంటే చరిత్రకారులు ఒప్పుకోరులెండి, సరే అదొదిలేద్దాం, అన్నీ ఒకటే అయితే మీ రేట్ కార్డులో ఒక్కోదానికి ఒక్కో రేటు ఎందుకుందో అది చెప్పండి. మాస్టర్ గారు మంచాయనే, కానీ పాపం హాలు నిండా పిల్లలు, ఆయన "ఆఫీసులో రాయించుకు రండి మేడమ్, నా చేతుల్లో లేదు" అంటారు. ఆఫీసులో "మాస్టర్ గారు చెప్పాలి" అంటారు. వాట్సాప్‌లో అడిగితే చేతులు జోడించిన బొమ్మ ఒకటొస్తుంది. చివరికి యాప్‌లో టికెట్ పెడితే మర్నాడు పొద్దున్నే "మీ సమస్య పరిష్కరించబడింది, రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్. ఎవరు పరిష్కరించారు, ఎప్పుడు, ఏమని? ఆ చెప్పిందేదో నాకు కూడా చెప్పొచ్చుగా.

ఈలోగా ఫీజు వేస్టవుతుందని నన్ను పిల్లల షావోలిన్ బ్యాచిలో పడేశారు. గుర్రమెక్కినట్టు కాళ్ళు ఎడంగా పెట్టి మోకాళ్ళు వంచే గుర్రం స్టాన్స్‌లో నిలబెట్టి వందాకా లెక్కపెట్టిస్తారు. నా పక్కన మూడో క్లాసు చదివే పిల్లాడు ఒకడు, నావైపు చూసి మెల్లగా "ఆంటీ, మీ మోకాలు లోపలికి పడిపోతోంది, కాలివేళ్ళవైపే ఉంచండి, అంత కిందకి కూర్చోవద్దు" అన్నాడు. ఇన్నాళ్ళలో మీ కంపెనీ తరఫున నాకు అందిన కౌన్సెలింగ్ అదొక్కటే, వాడికి జీతం ఇస్తున్నారా?

మీరు చెప్పకపోతే నేనే చదువుకున్నాను. హంగ్ గార్‌లో ఆ కింద కూర్చునే స్టాన్స్‌లోనే ఎక్కువసేపు ఉంచుతారు, అది నావల్ల కాదు. వుషు పోటీల ఆట, గెంతులూ గాల్లో తిరగడాలూ, అదీ కాదు. షావోలిన్ సంగతి పిల్లల బ్యాచిలోనే తేలిపోయింది. మిగిలినవి రెండు. వింగ్ చున్‌లో మొదటి ఫారం, అంటే వరసగా చేసే కదలికల సెట్టు, సియు నిమ్ తావ్ నిలబడ్డ చోటే చేసేది, గెంతక్కర్లేదు, ఎత్తు తన్నులు లేవు, కానీ పాదాలూ మోకాళ్ళూ లోపలికి తిప్పి నిలబడాలి, అది నా మోకాలికి మంచిదా చెడ్డదా? తై చిలో 1956లో చైనావాళ్ళు యాంగ్ స్టైల్‌ని కుదించి పెట్టిన 24 ఫారం ఉంది, ఎంత కిందకి వంగాలన్నది మన ఇష్టం, మరి మీ బ్రాంచిలో అది నేర్పేవాళ్ళు నిజంగా ఉన్నారా లేక బ్రోచర్‌లోనే ఉన్నారా? ఈ రెండు ముక్కలు చెప్పడానికి తెలిసిన మనిషికి పది నిమిషాలు చాలు. వింగ్ చున్ ఫోటోలో మీరు వేసిన, కొట్టి ప్రాక్టీసు చేసే ఆ చెక్కబొమ్మ మా బ్రాంచి మూల ఉంది, దాని ఒక చేతికి వాచ్‌మన్ రెయిన్‌కోటు, ఇంకో చేతికి హెల్మెట్టు, కాలికి ఎవరిదో టిఫిన్ బాక్సు సంచీ. దాన్నిబట్టే నాకు డౌటు.

మా పెద్దాడు యూకేజీ నుంచి టెన్త్ దాకా మీ దగ్గరే నేర్చుకున్నాడు. బెల్టు మారినప్పుడల్లా ఎగ్జామ్ ఫీజు అన్నారు, నోరెత్తకుండా కట్టాం, అసలు పాతకాలం కుంగ్‌ఫూలో ఈ రంగు బెల్టులే లేవని ఇప్పుడు తెలిసింది, అయినా ఒక్క మాట అన్లేదు. మా ఆడపడుచు పిల్లలు, మా అపార్ట్‌మెంట్ పిల్లలు, అందర్నీ నేనే చెప్పి చేర్పించాను. పిల్లల ఫీజులు తెచ్చినన్నాళ్ళు "అమ్మా రండి కూర్చోండి" అన్నవాళ్ళే ఇవాళ నేను నేర్చుకుంటానంటే నవ్వు ఆపుకుంటున్నారు, నాకు కనపడదనుకుంటున్నారేమో.

కాబట్టి ఎవరో ఒకరు, తెలిసినవాళ్ళు, నా మోకాలి రిపోర్టు చూసి స్టైల్ చెప్పి పెద్దవాళ్ళ బ్యాచిలో వెయ్యండి, లేదా మిగిలిన నెలల ఫీజు వాపస్ ఇవ్వండి, లేదా ఆ ఫ్లెక్సీ పీకెయ్యండి, ఏదో ఒకటి చెయ్యండి. ఈ నెలాఖరులోగా ఫోన్ రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, మా తమ్ముడు లాయరే, ఊరికే వాదిస్తాడు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ లెటర్ యథాతథంగా పెడతాను, అక్కడ మీ కస్టమర్లే ఎక్కువ. గూగుల్‌లో ఒక స్టార్ అప్పుడే ఇచ్చేశాను, దానికి మాత్రం పావుగంటలో "థాంక్యూ ఫర్ యువర్ ఫీడ్‌బ్యాక్" అని రిప్లై వచ్చింది, మెచ్చుకోవాలి.

రసీదు జెరాక్సు, ఫ్లెక్సీ ఫోటో, చాట్ స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి జత చేశాను. ఒరిజినల్స్ అడగొద్దు, ఇవ్వను.

ఇట్లు,
మెంబర్‌షిప్ నంబరు రసీదు మీద ఉంది, చూసుకోండి.