మందులు మాననన్నందుకు "సహకరించని పేషెంట్" అని రాస్తారా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: జీర్ణకోశ సమస్యల ఆక్యుపంక్చర్ ప్యాకేజీ, మిగిలిన సిట్టింగ్‌ల డబ్బు వాపసు.

నమస్తే. ఫోన్ చేసిన ప్రతిసారీ "రాసి పంపండి" అంటున్నారు కాబట్టి రాస్తున్నాను.

సూదులు వేసే మేడమ్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ప్రతిసారీ కొత్త ప్యాకెట్ నా కళ్లముందే చించేవారు. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దూరంలో, కాలి ఎముకకి బయటివైపు ఆవిడ పెట్టే సూది దగ్గర లోపల బరువుగా లాగినట్టుండేది, కాసేపటికి ఒళ్లు తేలికపడి కునుకు కూడా పట్టేది. టెన్షన్ తగ్గేది, అది నిజం.

గొడవంతా మీ కౌన్సెలర్‌తోనే. నాకున్నది అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు) అని, దానికి మెసలమైన్ అనే పేగు వాపు తగ్గించే మాత్రలు వాడుతున్నానని చేరేటప్పుడే ఫామ్‌లో రాశాను. డబ్బు కట్టించుకునేదాకా ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా మొదలుపెట్టారు, "ఒంట్లో కెమికల్స్ ఉంటే సూదులు పనిచేయవండి, ఆ మాత్రలు ఆపేయండి, మూలం నుంచి తీసేస్తాం" అని. మా డాక్టర్‌ని అడగకుండా ఆపనన్నాను. అడిగితే ఆయన ససేమిరా వద్దన్నారు. ఆ మాటే వచ్చి చెప్తే మీవాళ్లు నా ఫైల్ మీద ఎర్ర ఇంకుతో "పేషెంట్ సహకరించడం లేదు" అని రాసి, ఇప్పుడు అదే చూపించి వాపసు కుదరదంటున్నారు!

మీ బ్రోషర్‌లో గ్యాస్, ఐబీఎస్ (పేగులో పుండ్లేవీ లేకుండానే కడుపునొప్పి, విరేచనాల ఇబ్బంది), కొలైటిస్, క్రోన్స్ (ఇదీ పేగులు వాచే దీర్ఘకాలిక జబ్బే) అన్నీ ఒకే వరసలో పెట్టి "శాశ్వత పరిష్కారం" అన్నారు. ఐబీఎస్‌లో కొలనోస్కోపీ చేసినా పేగు మామూలుగానే కనిపిస్తుంది. కొలైటిస్‌లో పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడుతుంది, రక్తం పోతుంది, బాగానే ఉంది కదా అని మందు మానేస్తే మళ్లీ తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. ఈ రెండూ ఒకటెలా అవుతాయి? పోనీ ఐబీఎస్ సంగతే చూద్దాం. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2012 సమీక్షలో అసలు సూదులకీ ఉత్తుత్తి సూదులకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మీ కౌన్సెలర్ పదేపదే చూపించే 2020 నాటి చైనా అధ్యయనం నేనూ చదివాను. 278 మంది మీద, 4 వారాల్లో 12 సిట్టింగ్‌లు, ఉత్తుత్తి సూదుల కన్నా మంచి ఫలితమే వచ్చింది. కాకపోతే వాళ్లందరి బాధ తిన్నాక కడుపు బరువుగా ఉండటం, కొంచెం తినగానే నిండిపోవడం. కొలైటిస్ కాదు. దాన్ని నాకెందుకు చూపించినట్టు?

వాడుకోని సిట్టింగ్‌ల డబ్బు వెనక్కివ్వండి. ఫైల్‌లో ఆ ఎర్ర ఇంకు మాట కొట్టేసి, సంతకం పెట్టిన కాపీ పంపండి. బ్రోషర్‌లోంచి కొలైటిస్, క్రోన్స్ తీసేయండి, లేదా డాక్టర్ రాసిన మందులు కొనసాగిస్తూనే రావాలని పెద్దక్షరాల్లో వేయండి. నా తర్వాత వచ్చేవాళ్లు నిజంగానే మాత్రలు ఆపేస్తే ఆసుపత్రిపాలయ్యేది వాళ్లు, మీ కౌన్సెలర్ కాదు.

రసీదు, ఫైల్ మొదటి పేజీ ఫోటో జతచేశాను. మళ్లీ ఫోన్ చేసి బుజ్జగించకండి, జవాబు రాతలోనే కావాలి.

ఇట్లు,
మీ ఫైల్‌లోని "సహకరించని" పేషెంట్