లెక్క సరిపోలేదండీ: జపాన్ గాయని మత్సుదా సెయికో రికార్డుల సెట్ మీద ఫిర్యాదు

విజయవాడ,
12 మార్చి 2025.

కస్టమర్ సేవల విభాగం వారికి,

విషయం: "మత్సుదా సెయికో - 24 వరుస నంబర్ వన్ సింగిల్స్, పూర్తి సెట్" అని అమ్మి, వేరే రికార్డులు కలిపి పంపడం గురించి.

నమస్కారం.

మీవాళ్ళతో ఫోన్లో మూడుసార్లు మాట్లాడాను. మూడుసార్లూ ఒకటే మాట: "24 అన్నాం, 24 పంపాం. లెక్క సరిపోయింది కద సార్!" సరిపోలేదు కాబట్టే ఈ ఉత్తరం.

ఫిబ్రవరి 8న మీ సైట్‌లో 18,600 రూపాయలు కట్టి సెట్ ఆర్డర్ పెట్టాను. 27న పార్సిల్ వచ్చింది. చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది, పెట్టె వెడల్పు జానెడే ఉంది. ఈ 24లో ఒకటి, 1985లో వచ్చిన డాన్సింగ్ షూస్, 12 అంగుళాల రికార్డు. మిగతావి ఏడంగుళాలవి, మధ్యలో పెద్ద చిల్లుతో. జపాన్‌లో వాటిని డోనట్ రికార్డులంటారు, మన కళ్ళకు మాత్రం అచ్చం గారెలే. డాన్సింగ్ షూస్ అలా కాదు, అన్నం కంచమంత ఉంటుంది. జానెడు పెట్టెలో కంచం ఎలా పడుతుంది? టేపు కోయకముందే మా ఆవిడతో అన్నాను, ఇందులో ఒకటి తక్కువని.

తెరిస్తే పైనే హదాషి నో కిసెత్సు, దాని కింద అవోయ్ సంగోషో. ఇవి రెండూ ఆవిడ పాడిన మొదటి, రెండో సింగిల్స్ (వైపుకో పాటతో విడిగా వచ్చే రికార్డులు), 1980 ఏప్రిల్‌లో ఒకటి, జూలైలో ఒకటి వచ్చాయి. రికార్డుల అమ్మకాలను బట్టి జపాన్‌లో వేసే ఓరికాన్ పట్టికలో ఈ రెండూ నంబర్ వన్ కాలేదు. ఆ వరుస మొదలైంది మూడోదానితో, 1980 అక్టోబర్‌లో వచ్చిన కజె వ అకిఇరోతో. ఆగింది 1988 సెప్టెంబర్‌లో వచ్చిన ఇరవై ఆరోది, తబిదాచి వ ఫ్రీజియా దగ్గర. మూడు నుంచి ఇరవై ఆరు దాకా వేళ్ళ మీద లెక్కపెట్టినా 24 వస్తాయి. మీ ప్రకటనలో ఉన్న 24 ఇదే. మీవాళ్ళు మాత్రం పెట్టెలో 24 వస్తువులు ఉన్నాయో లేదో చూశారు, అంతే.

రెండోసారి ఫోన్ చేసినప్పుడు మాట్లాడినాయన ఇంకో అడుగు ముందుకేశారు. "అవోయ్ సంగోషో ఆవిడ టాప్ పాట సార్, మీకే లాభం" అన్నారు. అయ్యా, ఆ పాట ఎంత పెద్ద హిట్టో నాకు తెలుసు. నీలి పగడపు దిబ్బ అని దాని అర్థం. సెయికో పేరు చెబితే ముందు ఆ పాటే గుర్తొస్తుంది. అప్పటి 'ది బెస్ట్ టెన్' టీవీ కార్యక్రమంలో అది మొదటి స్థానానికీ వెళ్ళింది. ఓరికాన్‌లో మాత్రం రెండో స్థానం దగ్గరే ఆగిపోయింది. జనం మెచ్చడం ఒకటి, ఆ పట్టికలో మొదటి స్థానం ఇంకొకటి. మీరు అమ్ముతామన్నది ఆ పట్టికలో మొదటి స్థానం పాటలు.

పైగా ఆ రికార్డు మా ఇంట్లో ఇప్పటికే ఉంది. టోక్యోలో నిషి కసాయ్‌లో ఉన్నన్నాళ్ళూ నేను పాత సామాన్ల దుకాణాల చుట్టూ తిరిగేవాణ్ణి, అప్పుడు కొన్నది. మా అమ్మాయి దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. 2024 జూన్‌లో కొరియా గ్రూప్ న్యూజీన్స్‌లోని హాన్ని టోక్యో డోమ్‌లో ఈ పాట పాడింది. అంతే, మర్నాటి నుంచి మా ఇంట్లో అదే పాట, పొద్దున పళ్ళు తోముకుంటూ కూడా! "నాన్నా, ఈవిడవి ఇంకా ఉన్నాయా?" అని అది అడిగితేనే ఈ సెట్ కొన్నాను. కొంటే ఉన్నదే మళ్ళీ వచ్చింది.

డాన్సింగ్ షూస్, 1988 నాటి మర్రకేష్, ఈ రెండూ అసలు రాలేదు. తేడా వచ్చిన మూడోదాని సంగతే నాకు ఎక్కువ బాధ.

1983 ఆగస్టులో గరాసు నో రింగో వచ్చింది, గాజు యాపిల్ అన్నమాట. మాటలు మత్సుమోతో తకాషివి, బాణీ హొసోనో హరుఓమిది. రికార్డుకు రెండో వైపు స్వీట్ మెమరీస్ ఉంటుంది. సన్‌టోరీ బీర్ ప్రకటనలో కార్టూన్ పెంగ్విన్ ఒకటి మైకు ముందు నిలబడి ఆ పాట పాడేది. మొదట్లో తెర మీద గాయని పేరు వెయ్యలేదు. ఎప్పుడూ హుషారుగా పాడే సెయికో ఇందులో గొంతు తగ్గించి, మధ్యలో ఇంగ్లీషులో పాడేసరికి, ఎవరిదీ గొంతు అని జనం ఆరా తీశారు. చివరికి రికార్డు కంపెనీవాళ్ళు ఆ రెండోవైపు పాటకు మొదటి వైపుతో సమానంగా పెద్దపీట వేసి, కవరు మార్చి మళ్ళీ విడుదల చేశారు. మీ ప్రకటనలో పెట్టిన ఫొటో ఆ మారిన కవరుదే. అది చూసే మా ఆవిడ "కొనండి" అంది. నిషి కసాయ్‌లో మా పక్కింటి పెద్దావిడ కరోకేలో ఈ పాట పాడేవారు, మా ఆవిడకు నేర్పింది కూడా ఆవిడే.

కవరు సరిగ్గానే వచ్చింది. ఆ రాత్రి భోజనాలయ్యాక చిల్లులో ప్లాస్టిక్ అడాప్టర్ పెట్టి, రికార్డు మెల్లగా తుడిచి, ముల్లు దించాను. మా ఆవిడ తడిచేతులతోనే వంటింటి గుమ్మంలో నిలబడింది. వినిపించింది సెయికోదే ఇంకో సింగిల్, హితోమి వ డైమండ్. పొరపాటున రెండోవైపు పెట్టానేమోనని తిప్పి చూశాను, కాదు. లేబుల్ మీద కూడా హితోమి వ డైమండ్ అనే ఉంది. ఆ పాట దాని సొంత కవరులో ఇంకోటి ఉండనే ఉంది! మా ఆవిడ ఏమీ అనకుండా అంట్ల దగ్గరికి వెళ్ళిపోయింది. పంపేముందు కవరులోంచి రికార్డు బయటికి తీసి చూసినవాళ్ళెవరూ లేరని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇంకో చిన్నమాట. మీ సైట్‌లో అకాయ్ స్వీట్ పీ పక్కన సంగీతం "కురేతా కరుహో, కొత్త స్వరకర్త" అని రాశారు. ఆ పేరుతో కొత్తవాళ్ళెవరూ లేరు. అది అప్పటికే పెద్దపేరున్న గాయని, స్వరకర్త మత్సుతోయా యూమి పెట్టుకున్న మారుపేరు, హాలీవుడ్ నటి గ్రెటా గార్బో పేరును జపనీస్ నోటికి తిప్పుకున్నది. దీనికి డబ్బులేమీ అడగను, దిద్దితే చాలు.

నాకు కావలసింది ఇదీ. డాన్సింగ్ షూస్, మర్రకేష్, స్వీట్ మెమరీస్ ఉన్న గరాసు నో రింగో పంపండి. ఎక్కువగా వచ్చిన మూడూ, అంటే హదాషి నో కిసెత్సు, అవోయ్ సంగోషో, రెండో హితోమి వ డైమండ్, మీ ఖర్చుతో వెనక్కి తీసుకెళ్ళండి. పదిహేను రోజుల్లో అది కుదరకపోతే మొత్తం సెట్ తీసుకుని 18,600 రూపాయలూ వెనక్కి ఇవ్వండి. మీరు మెయిల్‌లో పంపిన 500 రూపాయల కూపన్ నాకు వద్దు. దాంతో మీ దగ్గర ఇంకోటి కొనే ధైర్యం ప్రస్తుతానికి లేదు. ఇదీ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళక తప్పదు. పార్సిల్ విప్పుతూ మా అమ్మాయి తీసిన వీడియో భద్రంగా ఉంది.

కొరియర్ అబ్బాయిని సాయంత్రం ఆరు దాటాక పంపండి. పగలు ఇంట్లో ఎవరూ ఉండం. ఈసారి పెట్టె మాత్రం కంచం పట్టేంత ఉండాలి.

ఇట్లు,
మీ కస్టమర్

జతపరచినవి: బిల్లు కాపీ, వచ్చిన 24 రికార్డుల లేబుళ్ళ ఫొటోలు, మీ ప్రకటన స్క్రీన్‌షాట్.