ఆటల పోటీల వార్తల్లో స్కోర్లు, ఆటగాళ్ల పేర్లు వేయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. సంక్రాంతి వెళ్లిన మూడో రోజున మీ జిల్లా సంచికలో మా ప్రాంతంలో జరిగిన కబడ్డీ పోటీల ముగింపు వార్త ఒకటి వచ్చింది. ఫొటోతో కలిపి రెండు కాలమ్‌ల వార్త. అందులో ఎందరి పేర్లున్నాయో పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ లెక్కపెట్టాను. పదమూడు ఉన్నాయి. బహుమతులు అందజేసిన ప్రజాప్రతినిధి, ఆయన వెంట వచ్చిన నాయకులు, నగదు దాతలు, షీల్డు దాత, భోజనాల దాత, సర్పంచ్, నిర్వాహక కమిటీ పెద్దలు, అందరూ ఉన్నారు. కబడ్డీ ఆడిన వాళ్ల పేరు మాత్రం ఒక్కటీ లేదు. ఫైనల్ నువ్వా నేనా అన్నట్టు సాగిందని రాశారు గాని, ఎన్ని పాయింట్ల తేడాతో ఎవరు గెలిచారో రాయలేదు. ఫొటోలో గెలిచిన జట్టు వెనక వరుసలో ఉంది. ముందు నిలబడిన పెద్దల భుజాల సందుల్లోంచి రెండు ముఖాలు మాత్రం కనబడుతున్నాయి.

ఈ లెక్కతో నాకేం పని అని మీరు అనుకోవచ్చు. గోదావరి పాయలకు అటూ ఇటూ ఉన్న ఏడు ఊళ్ల వాళ్లం, అంటే అమలాపురం, రావులపాలెం, కొత్తపేట, ముమ్మిడివరం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం వాళ్లం కలిసి, కొన్నేళ్లుగా ఆటల మీద ఒక క్విజ్ లీగ్ నడుపుకుంటున్నాం. జట్టుకు నలుగురు. మాలో బస్సు కండక్టరు ఉన్నారు, కాలేజీ లెక్చరర్లు ఉన్నారు, కొబ్బరి వర్తకుడు, రొయ్యల మేత దుకాణం నడిపే ఆయన, ఇంటర్ చదివే అమ్మాయి, రిటైరైన ముగ్గురు డ్రిల్లు మాస్టార్లు ఉన్నారు. ఏడు జట్లు కాబట్టి ప్రతి విడతలోనూ ఒక జట్టుకు ఆట ఉండదు. ఆ రోజు ప్రశ్నపత్రం కూర్చే పని ఆ జట్టుదే. మిగిలిన ఆరు జట్లూ మూడు ఊళ్లలో ఒకే ఆదివారం సాయంత్రం, అదే పత్రంతో తలపడతాయి. ఒక ఊళ్లో పావుగంట ముందు మొదలుపెడితే ప్రశ్నలు ఫోన్ల మీద ఇంకో ఊరికి చేరిపోతాయి కనుక, అయిదు గంటలంటే అయిదు గంటలకే మొదలుపెట్టాలి. సెల్‌ఫోన్లన్నీ ఒక గంపలో వేయించి, ఆ గంపను స్కోరు రాసే వ్యక్తి కుర్చీ కింద పెడతాం. తన వంతుకు వచ్చిన ప్రశ్నకు ఆటగాడు ఒక్కడే జవాబు చెబితే రెండు మార్కులు, జట్టును అడిగి చెబితే ఒకటి, అప్పటికీ తప్పితే ఎదుటి జట్టుకు ఒక మార్కు బోనస్. ఏడు విడతల్లో ఇరవై ఒక్క పోటీలు పూర్తవుతాయి. నగదు బహుమతి పెట్టలేదు. డబ్బు వచ్చిన చోటికి పందెం వస్తుంది, మన జిల్లాల్లో అది ఎంత త్వరగా వస్తుందో మీకు చెప్పనక్కరలేదు. లీగ్ గెలిచిన జట్టుకు తాపేశ్వరం కాజాల డబ్బా ఇస్తాం, ఏ రోజు పోటీలో ఓడిన జట్టు ఆ రోజు టీ ఖర్చు పెట్టుకుంటుంది.

మొదటి ఏడాది మాకు నియమాలంటూ పెద్దగా లేవు, అందుకే తగాదాలకు లోటు లేకపోయింది. రాజోలులో ఒక సాయంత్రం నరసాపురం జట్టుతో పోటీ జరుగుతోంది. ఒలింపిక్స్‌లో వ్యక్తిగత పతకం సాధించిన మొదటి భారతీయుడు ఎవరన్నది ప్రశ్న. పత్రంలో ఉన్న జవాబు 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో కుస్తీలో కాంస్యం గెలిచిన కె.డి. జాదవ్. నరసాపురం కుర్రవాడు నార్మన్ ప్రిచర్డ్ అన్నాడు. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులోనూ, 200 మీటర్ల హర్డిల్స్‌లోనూ ఆయన రజతాలు గెలిచాడు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ లెక్కల్లో ఆ రెండూ భారత్ ఖాతాలోనే ఉన్నాయి, ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య గణాంకాల్లో మాత్రం ఆయన బ్రిటన్ క్రీడాకారుడు. కుర్రవాడు చెప్పింది తప్పని ఎవరూ అనలేకపోయారు, ఒప్పుకుంటే రాజోలు ఓడిపోతుంది. ఈ వాదనలో సఖినేటిపల్లి రేవులో నరసాపురం వైపు గోదావరి దాటించే ఆఖరి పంటు వెళ్లిపోయింది. పాపం ఆ నలుగురూ రెండు బైకుల మీద చించినాడ వంతెన దాటి, పాలకొల్లు చుట్టూ తిరిగి, అర్ధరాత్రికి ఇళ్లకు చేరారు. ప్రశ్నలో ‘స్వతంత్ర భారతం తరఫున’ అన్న మూడు మాటలు ఉండి ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు.

ఆ మర్నాడే మేము ఒక నియమం పెట్టుకున్నాం. ప్రతి ప్రశ్న పక్కనా దాని ఆధారం ఏమిటో రాయాలి, ఆ ఆధారం అచ్చులో ఉండాలి. ‘నాకు తెలుసు’, ‘మా బావ చెప్పాడు’ అంటే చెల్లదు. దీని మేలు వెంటనే కనబడింది. హాకీ మన జాతీయ క్రీడ అని చిన్నప్పటి నుంచి బడిలో నేర్చుకున్న వాళ్లమే అందరం. ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని 2012లో సమాచార హక్కు కింద అడిగిన ప్రశ్నకు కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖ జవాబిచ్చిందని ఆధారం వెతికేటప్పుడే చాలామందికి తెలిసింది.

ఆధారం ఉన్నంత మాత్రాన సరిపోదని 2025 మే నెలలో తెలిసివచ్చింది. ఆఖరి విడత 18వ తేదీ ఆదివారం. పత్రాన్ని వారం ముందే కవర్లలో పెట్టి సీలు వేసి మూడు ఊళ్లకూ పంపేశారు. జావెలిన్‌లో నీరజ్ చోప్రా అత్యుత్తమ త్రో ఎంత అన్నది అందులో ఒక ప్రశ్న, 89.94 మీటర్లు జవాబు. 16వ తేదీ శుక్రవారం రాత్రి దోహాలో ఆయన 90.23 మీటర్లు విసిరాడు. ఆదివారం రెండు ఊళ్లలో క్విజ్ మాస్టర్లు పత్రంలో ఉన్నదే ఖాయం చేసి, 90.23 అన్న వాళ్లకు సున్నా వేశారు. మూడో ఊళ్లో మాస్టారు శనివారం పేపరు చదివిన మనిషి, కొత్త దూరం చెప్పిన వారికి మార్కులిచ్చారు. చివరికి మూడు చోట్లా ఆ ప్రశ్నను రద్దు చేశాం, దాంతో ఒక జట్టు రెండో స్థానం నుంచి మూడో స్థానానికి జారింది. ఆ జట్టు వాళ్లు ఇప్పటికీ నాతో కాస్త ముభావంగానే ఉంటారు. అప్పటి నుంచి రికార్డుల ప్రశ్నలన్నిటికీ ‘ఈ నెల ఒకటో తేదీ నాటికి’ అని తగిలిస్తున్నాం.

ఇంత జాగ్రత్త పడుతున్నా, మా పత్రంలో ఒక భాగం మాత్రం ఏటేటా పలచబడిపోతోంది. ప్రతి పోటీలోనూ చివరి పది ప్రశ్నలు మన ప్రాంతపు ఆటల మీద ఉండాలని మొదటి నుంచీ అనుకున్నాం. లార్డ్స్‌లో 1983లో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ ఎన్ని పరుగుల తేడాతో గెలిచామంటే 43 అని అందరూ చెబుతారు, కానీ మన పక్క ఊరి మైదానంలో ఏం జరిగిందో కూడా తెలియాలి కదా అన్నది మా ఉద్దేశం. ఆరంభంలో బాగానే సాగింది. బ్యాడ్మింటన్‌లో అమలాపురం బిడ్డ సాత్విక్ సాయిరాజ్ ఉన్నాడు. అతని స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో 2023లో గిన్నిస్ రికార్డుకెక్కింది, అదే ఏడాది అక్టోబరులో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. రావులపాలెంలో పుట్టిన కిదాంబి శ్రీకాంత్ ఉన్నాడు. 2017 ఒక్క ఏడాదిలోనే ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రెంచ్ సూపర్ సిరీస్ టైటిళ్లు నాలుగు గెలిచి, 2018 ఏప్రిల్‌లో సింగిల్స్‌లో నంబర్ వన్ స్థానానికి చేరాడు. వీళ్లిద్దరి మీద అడగగలిగినవన్నీ రెండు సీజన్లలో అడిగేశాం. ఇప్పుడు సాత్విక్ పేరు చదవడం మొదలుపెడితే చాలు, ప్రశ్న పూర్తికాకుండానే జవాబు వస్తోంది.

ఆ ఇద్దరి తరవాత మా దగ్గర ఏముంది? కబడ్డీ, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్, ఖోఖో ఆడిన వాళ్లు ఈ ఊళ్లలో తరాల తరబడి ఉన్నారు. వాళ్ల పతకాలు అటకల మీద రేకుపెట్టెల్లో ఉన్నాయి. వాటి వెనక కథ మాత్రం ఎక్కడా అచ్చులో లేదు. ఒకసారి వాలీబాల్ మీద ఒక ప్రశ్న పెట్టాం: చాలాకాలం క్రితం ఒక ఊరి తీర్థంలో, అంటే జాతరలో, జరిగిన పోటీల్లో ఫైనల్ ఏ ఊరి జట్టు గెలిచింది అని. రెండు జట్లలోనూ ఆ ఫైనల్‌ను కళ్లారా చూసిన పెద్దవాళ్లు ఉన్నారు. ఇద్దరూ చెరో ఊరి పేరు చెప్పారు, ఇద్దరూ ఒట్టు వేశారు. అచ్చులో ఆధారం లేకుండా పత్రంలోకి ఎక్కిన ప్రశ్న కనుక మా నియమం ప్రకారం ఎవరికీ మార్కు దక్కలేదు. ఆ పెద్దాయనల్లో ఒకరు లేచి, ఆ ఫైనల్‌లో తాను ఆడానని, తాను ఆడిన ఆటకు తానే సాక్ష్యం కాకపోతే ఇంకెవరని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఒక్క ఆధారం మాత్రం దొరికింది. కాలం చేసిన ఒక డ్రిల్లు మాస్టారి లాంగ్ నోట్‌బుక్‌ను ఆయన కుమారుడు మాకు చూపించారు. నీలి సిరాతో, ప్రతి పోటీకీ ఒక పేజీ: తేదీ, ఊరు, రెండు జట్ల ఆటగాళ్ల పేర్లు, సగం ఆటకు స్కోరు, చివరి స్కోరు, ఒక పక్కన ‘వర్షం’ అనో ‘నేల జారుతోంది’ అనో ఒక మాట. 1996 నవంబరు తుపానులో ఇంటి పైకప్పు లేచిపోయినప్పుడు ఆ పుస్తకం తడిసింది. కొన్ని పేజీల్లో ఎడమ వైపు జట్టు పేర్లు నిలిచాయి, కుడి వైపు జట్టు నీలి మరక అయిపోయింది. ఆ మిగిలిన పేజీల నుంచే మేము ఇరవై ప్రశ్నలు తయారు చేసుకోగలిగాం. ఆ పోటీల వార్తలు ఆ కాలపు పేపర్లలో దొరుకుతాయేమోనని మా ఊరి గ్రంథాలయానికి వెళ్తే, పాత పేపర్లు ఎప్పటికప్పుడు కాటాకు వేసేస్తామని చెప్పారు. తెలిసినవారి ఇళ్లలో దాచిన కొన్ని పాత పేపర్లు తిరగేశాను. నిజం చెప్పాలంటే, అవి దొరికినా ఒరిగింది తక్కువే. అప్పుడూ దాతల పేర్లే ఉన్నాయి.

తప్పంతా మీ విలేకరులదని నేను అనను. మండలంలో పనిచేసే విలేకరికి ఎంత చోటు దక్కుతుందో, ఆ చోటులో ఎవరి పేరు తప్పితే ఎవరు అలుగుతారో నాకు తెలుసు. దాత పేరు వేయకపోతే వచ్చే ఏడు షీల్డు ఉండదన్న భయం నిర్వాహకులకూ ఉంటుంది. పైగా స్కోరు వాళ్ల దగ్గర కూడా ఉండదు. మొన్నటి కబడ్డీ ఫైనల్ స్కోరు కోసం నిర్వాహకులకు ఫోన్ చేస్తే, ఆ కాగితం టేబుల్ మీదే ఉండిపోయిందని, టేబుల్‌తో పాటు షామియానా వాళ్ల వ్యాన్‌లో వెళ్లిపోయిందని చెప్పారు. కానీ కాగితాన్ని అలా వదిలేయడానికి కారణం దాన్ని ఎవరూ అడగకపోవడమే. దాత పేరు పేపర్లో పడుతుందని తెలుసు కాబట్టి దాని స్పెల్లింగు రెండుసార్లు చూసి మరీ రాసి ఇస్తారు. స్కోరు కూడా పడుతుందని తెలిస్తే దాన్నీ అంతే భద్రంగా రాసి ఇస్తారు.

ఇంకో మాట కూడా చెప్పాలి, కాస్త కటువుగా ఉంటే మన్నించండి. చట్టం ఒప్పని కోడిపందేల గురించి అదే పండగ మూడు రోజులూ మీ పేజీల్లో ఏ బరిలో ఎన్ని లక్షలు మారాయో, గెలిచింది డేగో కాకో నెమలో వివరంగా చదివాను. కోడి రంగు తెలుసుకుని రాయగలిగిన విలేకరి, కూతకు వెళ్లి నలుగురిని అవుట్ చేసి వచ్చిన కుర్రవాడి పేరు కూడా రాయగలడు.

నేను కోరేది ఎక్కువ చోటు పట్టేది కాదు. ఫైనల్ వార్త కింద చిన్న అక్షరాలతో నాలుగు పంక్తులు చాలు: పోటీ జరిగిన ఊరు, తేదీ, గెలిచిన జట్టు, ఓడిన జట్టు, స్కోరు, రెండు జట్ల ఆటగాళ్ల పేర్లు, ఇంటిపేర్లతో సహా. ఇంటిపేరు ఎందుకంటే, ఒకే పేరున్న కుర్రాళ్లు ఒకే జట్టులో ఇద్దరు ముగ్గురు ఉండడం మన ఊళ్లలో మామూలే. పేరు ఒక్కటే వేస్తే ఇరవై ఏళ్ల తరవాత ఆ ఆట ఏ ఇంటి వాళ్లదో చెప్పలేము. చోటు చాలకపోతే దాతల జాబితాలో ఆఖరి ఇద్దరిని తగ్గించవచ్చు. వివరాలు సేకరించే పనిలో మా వంతు సాయం చేయడానికి ఏడు జట్ల వాళ్లమూ సిద్ధంగా ఉన్నాం. మా ఊళ్లలో పోటీ జరిగిన రాత్రే స్కోరు, జట్ల పేర్లు శుభ్రంగా రాసి మీ విలేకరికి అందజేస్తాం. మా పేర్లు వేయనక్కరలేదు.

ఈ ఏడాది మా లీగ్ ఫిబ్రవరి రెండో ఆదివారం మొదలవుతుంది. మొదటి పత్రం కూర్చే వంతు నరసాపురం జట్టుది. స్థానిక ప్రశ్నలు పదికి ఏడు సిద్ధం చేశామని, మొన్నటి కబడ్డీ ఫైనల్ మీద మరో మూడు పెట్టాలని ఉందని వాళ్లు కబురు పంపారు. ఆ పోటీకి వెళ్లిన మీ విలేకరి నోట్‌బుక్‌లో గాని, ఆ రోజు చూసిన మీ పాఠకుల్లో ఎవరి దగ్గరైనా గాని ఆ స్కోరు ఉంటే, దయచేసి ఆ ఆదివారంలోగా మీ పేపర్లో వేయండి. అచ్చులో ఉంటేనే మాకు చెల్లుతుంది.

ఇట్లు,
క్విజ్ లీగ్ కార్యదర్శి,
అమలాపురం