మా పాప పేరులో రెండు దీర్ఘాలు: ఐర్లాండ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఐర్లాండ్ ప్రభుత్వంలో ఐరిష్ భాష, గేల్టాక్ట్ (ఐరిష్ మాట్లాడే ప్రాంతాలు) వ్యవహారాలు చూసే మంత్రి గారికి,

నమస్కారం. మాది ఏలూరు. ఇప్పుడు డబ్లిన్‌లో ఉంటున్నాం. మా పాప పేరు రోషీన్. ఈ ఉత్తరం మీకు ఇంగ్లిష్‌లోనూ పంపాను. ఇక్కడి తెలుగువాళ్లు కూడా చదవాలని తెలుగులో రాస్తున్నాను.

పాప కడుపులో ఉన్నప్పుడు మా పక్కింటి పెద్దావిడ ఈ పేరు చెప్పారు. ఆవిడది గాల్వే. ఐరిష్‌లో 'రోస్' అంటే గులాబీ. చివర 'ఈన్' చేరిస్తే చిన్నది, ముద్దొచ్చేది అని అర్థం. అలా చేరేసరికి 'స' కాస్తా 'ష'గా మారి రోషీన్ అవుతుంది. చిట్టి గులాబీ అన్నమాట. ఇంగ్లిష్ వాళ్ల పాలనలో కవులు దేశం పేరు ఎత్తకుండా ఐర్లాండ్‌ని 'నల్లని చిట్టి గులాబీ' అనేవారట, అదీ ఆవిడే చెప్పారు. ఇక వేరే పేరు వెతకలేదు. మా అత్తగారికి నోరు తిరగక రోజా అని పిలుస్తారు. అదీ గులాబీయే కదా!

ఈ పేరుని ఐరిష్‌లో Róisín అని రాస్తారు. అందులో 'o' మీద, చివరి 'i' మీద కుడివైపుకి వాలిన గీతలు ఉంటాయి. మీరు ఫాదా అంటారు, అంటే పొడుగు. మేం పలక మీద దిద్దిన దీర్ఘం అదే. దీర్ఘం పోతే మాకు 'కాలం' 'కలం' అయిపోతుంది. మీ భాషలోనూ అంతే. గీత ఉంటే షాన్ అనే మనిషి పేరు, తీసేస్తే 'ముసలి' అనే మాట. ఐరిష్‌లో మీ దేశం పేరు Éire, దాని మీదున్న గీత తీసేస్తే మిగిలేది 'బరువు'.

నా పేరు రమ. ఇంగ్లిష్ అక్షరాల్లో రమ, రామ ఒకటే. ఇక్కడ మొదటి ఉద్యోగంలో రెండేళ్లు అందరూ నన్ను రామా అనే పిలిచారు. సర్దుకున్నాను, ఎందుకంటే ఆ లిపి నా భాషది కాదు. కానీ మా పాప పేరు ఈ దేశం భాషలోదే.

టీకాల కార్డు తీసుకుందామని ఒక ఆఫీసుకి వెళితే, ఆ రెండు అక్షరాల చోట రెండు ప్రశ్నార్థకాలు ప్రింటయి వచ్చాయి. కౌంటర్లో అమ్మాయి మంచిదే, పాపం. "ఈసారి గీతలు లేకుండా రాయండి, టెన్షన్ ఉండదు" అంది. ఆ మాటకే నాకు బాధేసింది.

1937 రాజ్యాంగం ఐరిష్‌ని మొదటి అధికార భాష అంది. 2021లో అధికార భాషల చట్టాన్ని సవరించినప్పుడు ఐరిష్ పేర్ల గురించి, ఈ గీత గురించి ప్రత్యేకంగా రాసుకున్నారు. కావలసింది ఐదు అచ్చుల మీద ఒక్కో గీత. ప్రతి ప్రభుత్వ కంప్యూటర్‌లో అది పడేలా ఒక గడువు పెట్టండి. ఆ గడువుకి ఏ ఆఫీసులో ఇంకా పడటం లేదో జాబితా అందరికీ కనిపించేలా పెట్టండి.

మా పాప ఈ ఏడాదే బడిలో చేరింది. పేరంతా రాశాక, ఆ రెండు గీతలూ ఆఖర్న, పెన్సిల్ ముక్కు విరిగేంత గట్టిగా నొక్కి పెడుతుంది. కార్డు మార్పించడానికి వచ్చే సోమవారం మళ్లీ ఆ ఆఫీసుకి వెళ్తున్నాను.

ఇట్లు,
రమ,
డబ్లిన్